ఒంటికి పట్టని అన్నం

గౌరీనాయుడు రోజూ స్నానం చేసి రాగానే మంచం అంచున కూర్చుని, గడ్డం గీసుకునే అద్దాన్ని అరికాలి కింద పెట్టి చూసుకునేవాడు. ముందు ఎడమ కాలు, తర్వాత కుడి కాలు. వేళ్ళ సందులు విడదీసి మరీ చూసేవాడు. ఆయన భార్య హైమావతి గుమ్మంలో నిలబడి ఆయన మొహం కేసి చూసేది. ఆ మొహంలో రంగు మారకపోతే ఆ పూటకి గండం గడిచినట్టే.

చక్కెర వ్యాధి ఆ ఇంటికి కొత్త కాదు. నాయుడి అన్నకి బొటనవేలి మీద చిన్న పుండు లేచింది. చెప్పు కరిచిందనుకున్నారు. ఏడాది తిరక్కుండా మోకాలి కింద దాకా కాలు తీసేశారు. ఆపరేషను గది బయట బెంచీ మీద కూర్చున్నది నాయుడే. లోపల్నుంచి ఒకతను పచ్చగుడ్డలో చుట్టినదేదో చేతుల మీద పట్టుకుపోతుంటే, అదేమిటో ఆయనకి వెంటనే తెలియలేదు. తెలిశాక మాత్రం ఇక మరుపన్నది లేకపోయింది.

అసలు నాయుడు కాళ్ళ మీద బతికిన మనిషి. విజయనగరంలో ఓ హైస్కూల్లో డ్రిల్లు మాస్టారు. వయసులో ఉన్నప్పుడు జిల్లా పోటీల్లో పరుగు ఆయనదే. పెళ్ళయ్యాక పొట్ట వచ్చింది, నలభై దాటాక సుగరు వచ్చింది, యాభై దగ్గరపడేసరికి నూట నాలుగు కిలోలు తూగాడు. ఈల ఊది పిల్లల్ని పరిగెత్తించడమే గాని, తను మైదానం ఒక చుట్టు తిరిగితే ఆయాసం.

డాక్టరు ఒకటే మాట చెప్పాడు. "అన్నం మానెయ్యండి మాస్టారూ. ఇడ్లీ, అట్టు, చపాతీ ఏదీ వద్దు. గుడ్లు, చేపలు, ఆకుకూరలు, పెరుగు. బరువు తగ్గితే సుగరు దానంతటదే దిగుతుంది. మాత్రలు మాత్రం నన్నడక్కుండా తగ్గించుకోవద్దు."

నాయుడు నిజంగానే మానేశాడు. క్యాబేజీ సన్నగా తరిగించి అన్నమనుకుని తిన్నాడు. పొద్దున మూడు గుడ్లు, మధ్యాహ్నం చేపల పులుసులో చేప ముక్కలు మాత్రమే, రాత్రి పాలకూరా పన్నీరూ. ఆర్నెల్లలో పద్నాలుగు కిలోలు తగ్గాడు. సుగరు దిగింది, డాక్టరు రెండు మాత్రలు తీసేశాడు. ఆ తర్వాత ఓ బంధువుల పెళ్ళిలో పప్పూ నెయ్యీ కలిపిన నాలుగు ముద్దలు తిన్నాడు. అంతే, కట్ట తెగింది. మర్నాడు కొంచెం, ఆ మర్నాడు ఇంకొంచెం. "అన్నం లేకపోతే ఎంత తిన్నా భోంచేసినట్టుండదు హైమా, ఏదో ఎదురుచూస్తున్నట్టు ఉంటుంది," అనేవాడు తలొంచుకుని. పోయిన బరువు పోయినదారినే తిరిగొచ్చింది. దాంతోపాటు కుడికాలి చిటికెన వేలి పక్కన ఎర్రటి మచ్చ కూడా వచ్చింది. అది మానలేదు, పుండయింది.

ఆ రోజుల్లోనే హైమావతి తన ప్రయోగశాల గురించి ఆయనకి మొదటిసారి వివరంగా చెప్పింది.

ఊరి బయట జీడితోటల మధ్య ఉంది ఆ ప్రయోగశాల. హైమావతి అక్కడ పదేళ్ళుగా సూక్ష్మజీవుల మీద పనిచేస్తోంది. ఓ సాయంత్రం నాయుడు ఆమెని తీసుకెళ్ళడానికి వస్తే లోపలికి పిలిచి, బల్ల మీద రెండు గాజు గ్లాసులు పెట్టింది. రెండింటిలోనూ గంజే. రెండో దాంట్లో చిన్న గొట్టంలోంచి రెండు చుక్కలు వేసి, "కాసేపు కబుర్లు చెప్పుకుందాం" అంది. టీ తాగారు. తర్వాత రెండు గ్లాసుల్లోనూ అయోడిన్ వేసింది. మొదటిది సిరాలా నల్లనీలం తిరిగింది. రెండోది తేనెరంగులో ఉండిపోయింది.

"స్కూల్లో మా సైన్సు మాస్టారు చూపించే ప్రయోగమే కదా," అన్నాడు నాయుడు. "పిండి ఉంటే నీలం రావాలి. మరి దీంట్లో?"

"దీంట్లో పిండి లేదు. తినేసింది."

"ఏం తినేసింది?"

"మేం చేసిన జీవి. పిండినీ చక్కెరనీ మనకంటే ముందే మింగేసి, ఒంట్లోనే మైనంలా ముద్ద కట్టేసుకుంటుంది. ఆ మైనం మనకి అరగదు. ఎలా వచ్చిందో అలా బయటికి పోతుంది. మీరు కుంచెడన్నం తినండి, కడుపు నిండుతుంది, నాలుకకి రుచి తెలుస్తుంది. నెత్తురులోకి మాత్రం రాదు."

ప్రయోగశాల డైరెక్టరు పరాంకుశం ఆ జీవికి అగస్త్య అని పేరు పెట్టాడు. వాతాపిని అరిగించుకున్న ముని పేరు. చంటిపిల్లల పొట్ట నిమిరే తల్లులకి కూడా తెలిసిన కథే కాబట్టి ఆ పేరు అందరికీ నచ్చింది. దానికి ఒక కళ్ళెం కూడా వేశారు. ఎర్రటి పానకం ఒకటి రోజూ పొద్దున్నే తాగాలి. ఆ పానకంలో ఉన్న ఒక పదార్థం లేనిదే అగస్త్య బతకదు. తాగడం మానేస్తే నాలుగైదు రోజుల్లో కడుపులోనే చచ్చిపోతుంది. ఒకరి నుంచి ఇంకొకరికి పాకినా అక్కడ పానకం ఉండదు కనక నిలవదు. ఈ ఏర్పాటు హైమావతి చేసిందే. ఆ ఏర్పాటు మీద ఆమెకి ఎంత నమ్మకమంటే, మనుషుల మీద పరీక్ష మొదలయ్యాక చేరిన ఐదారు పదుల మందిలో తన భర్త పేరు కూడా రాయించింది.

*

అగస్త్యనీ పానకాన్నీ తాగిన మర్నాడు నాయుడు కంచం ముందు కూర్చున్నాడు. వంకాయ కూర, మామిడికాయ పప్పు, వేడి వేడి అన్నం. తిన్న రెండు గంటలకి హైమావతి వేలి మీద సూది గుచ్చి చూసింది. నూట పది. మళ్ళీ గుచ్చింది. నూట ఎనిమిది. నాయుడు ఆ అంకె కేసి చూశాడు. లేచి వెళ్ళి ఇంకో గరిటె అన్నం పెట్టుకున్నాడు.

అక్కణ్ణించి ఆయన శరీరం వెన్నలా కరిగింది. ప్యాంట్లు వదులయ్యాయి, బెల్టుకి కొత్త చిల్లులు పడ్డాయి. కాలి పుండు చుట్టూ గులాబీరంగు చర్మం కట్టింది. మూడో నెలకి మానిపోయింది. ఒక ఉదయం నాయుడు అద్దం తీసుకోకుండానే సాక్సు తొడుక్కుని బడికి వెళ్ళిపోయాడు. హైమావతి గుమ్మంలో నిలబడి, ఖాళీ మంచం కేసి చూసి కళ్ళు తుడుచుకుంది.

అటు తర్వాత కొద్దిరోజులకే బళ్ళోంచి ఫోను వచ్చింది. మాస్టారు మైదానంలో పడిపోయారని.

ఆమె వెళ్ళేసరికి నాయుడు స్టాఫ్ రూము బెంచీ మీద చెమటతో తడిసి ముద్దయి ఉన్నాడు. పెదాలు తెల్లబడ్డాయి. మాట తడబడుతోంది. సుగరు పడిపోయిందని ఆమెకి చూడగానే తెలిసింది. మాత్రల మోతాదు పాతదే, లోపలికి వచ్చే చక్కెర మాత్రం లేదు. "గ్లూకోజు నీళ్ళు తాగించామమ్మా. రెండు గ్లాసులు," అన్నాడు హెడ్మాస్టరు. హైమావతి సూది గుచ్చింది. నలభై ఒకటి. ఇంకో గ్లాసు కలిపి తాగించింది. కాసేపాగి గుచ్చింది. ముప్పై ఎనిమిది.

అప్పుడు ఆమెకి అర్థమైంది. ఎంత గ్లూకోజు పోసినా ఆయనకి చేరదు. పోసిందంతా అదే తాగేస్తోంది.

ఆటోలో ఆస్పత్రికి తీసుకెళ్ళేదాకా ఆయన తల ఒళ్ళో పెట్టుకుని పేరు పెట్టి పిలుస్తూనే ఉంది. చేతి నరంలోకి గ్లూకోజు ఎక్కించాక గాని నాయుడు కళ్ళు తెరవలేదు. డాక్టరు మాత్రలన్నీ ఆపేశాడు. "ఇంక మీకు మందులతో పని లేదు మాస్టారూ," అన్నాడు నవ్వుతూ. నాయుడు కూడా నవ్వాడు. ఇంటికొచ్చి ఆ సంగతి అందరికీ చెప్పుకున్నాడు. హైమావతి మాత్రం ఆ రోజు చూసినదాన్ని మరిచిపోలేకపోయింది. ప్రాణం పోతుంటే నోట్లో పోసిన చక్కెర కూడా ఆ మనిషిది కాకుండా పోయింది.

*

పైడితల్లి ఆ ఇంట్లో చాలా ఏళ్ళుగా పనిచేస్తోంది. అంట్లు తోముతుంది, బట్టలు ఉతుకుతుంది, స్నానాల గది కడుగుతుంది. ఊరి చివర గుట్ట కింద కాలనీలో ఉంటుంది. ఇంట్లో ముసలి అత్త, కూతురు, అల్లుడు, మనవరాలు నీలవేణి. అల్లుడు లారీ మీద తిరుగుతాడు, నెలకోసారి వస్తాడు.

హైమావతి ఒకరోజు పెరట్లోకి వెళ్ళి, బట్టలు పిండుతున్న పైడితల్లి చేతులు చూసి ఆగిపోయింది. గాజులు మోచేతి దాకా జారిపోతున్నాయి. జాకెట్టు భుజం మీంచి జారుతోంది.

"ఏమయింది పైడితల్లీ, అలా అయిపోయావేంటి?"

"ఏటోనమ్మా. తినడం తింతన్నాను. మునుపటికంటే ఎక్కువే తింతన్నాను. తిన్నది తిన్నట్టే ఉంటాది, ఒంటికి పట్టట్లేదు." పైడితల్లి నవ్వింది. "మా అత్త కూడా అంతేనండి. పెద్దాసుపత్రికి తీసుకెల్తే టీబీ ఏమో అని కఫం తీసారు. టీబీ లేదన్నారు. ముసలితనం అన్నారు. మరి నీలవేణికి ఏటి ముసలితనం? దానికి మూడేళ్ళు."

హైమావతికి అగస్త్య గుర్తొచ్చింది. పెరటి గోడ పట్టుకుని నిలబడింది.

"అమ్మా, మీకేటయినాది?" అంటూ పైడితల్లి తడిచేతులతోనే లేచి వచ్చింది.

"నీలవేణిని నేను చూడాలి. ఇప్పుడే పద."

కాలనీలో ఆ ఇల్లు ఒకటే గది. గుమ్మం పక్క నులక మంచంలో ముసలావిడ పడుకుని ఉంది. చర్మం కింద ఎముకలన్నీ లెక్కపెట్టేలా ఉన్నాయి. ఆమె పక్కన గిన్నెనిండా గంజన్నం. ఆమె దాన్ని తింటూనే ఉంది. ఒక్కో ముద్దా నోట్లో పెట్టుకుని, నమిలి, మింగి, మళ్ళీ చెయ్యి పెడుతోంది. నీలవేణి గడప మీద కూర్చుంది. పొట్ట నిండుగానే ఉంది. కాళ్ళూ చేతులూ చీపురుపుల్లలు. హైమావతిని చూసి నవ్వాలనుకుంది గాని ఆ నవ్వుకి కూడా ఓపిక చాలినట్టు లేదు.

"ఆకలి ఆకలి అంటాదండి," అంది పైడితల్లి కూతురు. "పెట్టిందంతా తింటాది. మల్లీ ఆకలంటాది."

పక్కింటి ఆవిడ వచ్చి నిలబడింది. ఆవిడ బుగ్గలు కూడా లోపలికి పోయి ఉన్నాయి. ఆవిడ వెనక ఇంకొకామె.

ఆ పిల్ల దగ్గర్నుంచీ, ముసలావిడ దగ్గర్నుంచీ తీసుకున్న నమూనాలని ఆ మధ్యాహ్నమే హైమావతి గంజిలో కలిపింది. సాయంత్రం అయోడిన్ వేసింది. ఏ గ్లాసూ నీలం తిరగలేదు.

ఎలా బతికిందో ఆమెకి ముందు అర్థం కాలేదు. పైడితల్లి ఇంట్లో ఎవరూ పానకం తాగలేదు. తను ఒకే ఇంట్లో నాయుడితో కలిసి తింటోంది, తనకేమీ కాలేదు. పైడితల్లి అల్లుడు మొన్న వచ్చి వెళ్ళాడు, అతను కూడా బాగానే ఉన్నాడు. అతను దాబాల్లో తింటాడు. మరి మిగిలినవాళ్ళు తినేదేమిటి, అతను తిననిదేమిటి? పొద్దున్నే తరవాణి. రాత్రి అన్నంలో నీళ్ళూ గంజీ పోసి, కుండలో పులవబెట్టి, తెల్లారి ఉల్లిపాయ కొరుక్కుంటూ తాగేది. హైమావతి ఆ కుండలోంచి గ్లాసుడు తెచ్చి పరీక్షించింది. పానకంలో తాను కష్టపడి తయారుచేసి కలిపిన పదార్థం ఆ కుండలో దానంతటదే పులిసి తయారై ఉంది, కొంచెం కూడా తేడా లేకుండా.

ఆమె కుర్చీలో కూలబడింది. పరీక్షలో చేరినవాళ్ళంతా అపార్టుమెంట్లలో ఉండేవాళ్ళు. పొద్దున్నే ఇడ్లీలు తినేవాళ్ళు. చద్దన్నం తినేవాళ్ళని పెట్టి చూడాలన్న ఆలోచన ఎవరికీ రాలేదు. తనకి కూడా రాలేదు. చిన్నప్పుడు తాతమ్మ చేత్తో తాగిన తరవాణి పులుపు ఇంకా నాలిక మీద ఉంది, అయినా రాలేదు.

ఇక మిగిలినదంతా దానంతటదే కళ్ళకి కట్టింది. నాయుడు అన్నంతోపాటు పప్పు తింటాడు, చేపలు, గుడ్లు, పెరుగు తింటాడు. అన్నం ఒంటికి పట్టకపోయినా మిగిలినవి నిలబెడతాయి. గుట్ట కింద కాలనీలో అన్నమే కూర, అన్నమే పప్పు. ఆ ఒక్కటీ మైనమైపోతే వాళ్ళకి ఇంకేం మిగలదు. కడుపు నిండా తింటూ కరువులో చచ్చిపోతారు.

*

పరాంకుశం ఆమె చెప్పిందంతా ఓపిగ్గా విన్నాడు. ఆయనది పెద్ద గొంతు కాదు.

"హైమావతిగారూ, మీరు కంగారులో ఉన్నారు. లోకంలో సగం మంది బరువు తగ్గాలని ఏడుస్తున్నారు. ఏదో కాలనీలో నలుగురు సన్నబడ్డారని..."

"సన్నబడలేదండీ. చచ్చిపోతున్నారు."

"ఒక నెల ఆగండి. ఆ పదార్థం మార్చేద్దాం. పులిసిన గంజిలో దొరకనిది ఇంకోటి వెతుకుదాం."

"ఇప్పటికే బయటున్నదాన్ని ఏం చేస్తారు?"

ఆయన కిటికీలోంచి జీడితోట కేసి చూశాడు. "ఎవరి కడుపులో ఉన్నా ఒకందుకు మంచిదే కదా. వాళ్ళకి సుగరు రాదు."

ఆ మాట ఆయన హాస్యానికి అన్నాడో నిజంగానే అన్నాడో హైమావతికి తెలియలేదు. ఏదైనా ఒకటే అనిపించింది. అక్కణ్ణించి తిన్నగా జిల్లా ఆరోగ్యాధికారి ఆఫీసుకి వెళ్ళింది. చేసింది తానేనని, నమ్మింది తానేనని, తన ఇంట్లోంచే పాకిందని చెప్పింది. ఆ అధికారి పేరు మోసిన కోపిష్టి. ఆవిడ ఒక్క మాట అనకుండా విని, "దీనికి విరుగుడుందా?" అని అడిగింది.

"ఉందండీ. మామూలు మందే. ఐదు రోజులు వేసుకుంటే చచ్చిపోతుంది. కానీ అందరూ వేసుకోవాలి. ఒక్కరు మిగిలినా మళ్ళీ మొదటికొస్తుంది."

ప్రయోగశాలకి తాళాలు పడ్డాయి. పరీక్షలో చేరిన వాళ్ళందరికీ కబురు వెళ్ళింది. హైమావతి నర్సులతో కలిసి కాలనీలో ఇంటింటికీ తిరిగి మందు మింగించింది, తరవాణి కుండలు మరిగే నీళ్ళతో కడిగించింది, గుడ్లూ వేరుసెనగ ఉండలూ పంచింది. కొందరు ఆమెని తిట్టారు. కొందరు చెయ్యి పట్టుకున్నారు. పైడితల్లి అత్తకి మాత్రం ఆలస్యమైపోయింది. మందు మొదలెట్టిన రెండో రోజున, చేతిలో ముద్ద చేతిలో ఉండగానే ముసలావిడ తల వాల్చేసింది.

శవాన్ని లేపుతుంటే పైడితల్లి అంది, "కూడు లేక పోయినోల్లని చూసాను గానీ అమ్మా, కూడు తింతా పోవడం ఇదే సూడ్డం." అందులో నిష్ఠూరం లేదు. ఆ లేకపోవడమే హైమావతి తట్టుకోలేకపోయింది.

ఇంట్లో నాయుడికి కూడా మందు ఇచ్చింది. పొద్దున్నే ఆమె ఎదురుగా నిలబడి, నోట్లో వేసుకుని నీళ్ళు తాగాడు. ఏమీ మాట్లాడలేదు. ఆయన మౌనం చూసి ఆమెకి జాలి వేసింది. మళ్ళీ గుడ్లూ క్యాబేజీ మొదలుపెడదాం, ఈసారి నేను కూడా మీతోపాటు అన్నం మానేస్తాను, అంది. ఆయన తలూపాడు.

నీలవేణి కోలుకుంది. పిల్లలు ఎంత తొందరగా పుంజుకుంటారో. పక్షం తిరక్కుండా బుగ్గలొచ్చాయి, గడప దిగి ఆడింది. పైడితల్లి మళ్ళీ పనిలోకి వచ్చింది. ఇంకో నెలకి, ఓ ఉదయం, గిన్నెలు తోముతూ మామూలుగా అంది, "దానికి మల్లీ ఆకలి ఎక్కువయినాదండి."

హైమావతి చేతిలోని పాలగిన్నెని గట్టు మీద పెట్టేసింది.

కాలనీ అంతా పరీక్ష చేశారు. పైడితల్లికీ నీలవేణికీ తప్ప ఎవరికీ లేదు. అంటే కాలనీలో మిగిలిపోయింది కాదు. ఎక్కణ్ణించో కొత్తగా వచ్చింది. పైడితల్లి పనిచేసేది తమ ఒక్క ఇంట్లోనే.

ఆ సాయంత్రం హైమావతి వంటింటి గట్టు మీద రెండు గ్లాసుల గంజి పెట్టి, నమూనాలు కలిపి, చివర అయోడిన్ వేసింది. ఒకటి తనది. నీలం తిరిగింది. రెండోది నాయుడిది. తేనెరంగులోనే ఉండిపోయింది. నాయుడు బడి నుంచి వచ్చి, బూట్లు విప్పుతూ, గట్టు కేసి చూశాడు. చూసి అలాగే కుర్చీలో కూర్చున్నాడు.

"మందు ఏం చేశారు?" అంది హైమావతి.

"నాలిక కింద పెట్టుకునేవాణ్ణి. నువ్వు అటు తిరిగాక ఉమ్మేసేవాణ్ణి."

"ఐదు రోజులూ?"

"ఐదు రోజులూ. అప్పట్లో మిగిలిన పానకం సీసాలు బీరువాలో దాచాను. అవే తాగుతున్నాను."

ఆమె బీరువా తెరిచి ఆ సీసాలు చూసింది. ఆయనే మాట్లాడాడు. గొంతు మాత్రం పరాయివాడిదిలా ఉంది.

"ఆ గుడ్డలో చుట్టి పట్టుకెళ్ళింది నువ్వు చూడలేదు హైమా. నేను చూశాను. రోజూ చూస్తూనే ఉన్నాను. ఇన్నేళ్ళలో మొదటిసారి, ఈ కొన్ని నెలలూ అది నాకు కనపడలేదు. మళ్ళీ సుగరు పెరుగుతుందని, మళ్ళీ ఆ వేలు... నా వల్ల కాలేదు. తప్పని తెలుసు. తెలిసే చేశాను. నాకు భయం వేసింది."

"నాకూ భయమే," అంది హైమావతి. "లేవండి. బూట్లు వేసుకోండి."

కాలనీకి చేరేసరికి దీపాలు పెట్టే వేళయింది. నీలవేణి తల్లి ఒళ్ళో ఉంది. మళ్ళీ ఆ పుల్లల్లాంటి చేతులు. నాయుడు గుమ్మం బయటే ఆగిపోయాడు. పిల్ల ఆయన్ని చూసి గుర్తుపట్టింది. పైడితల్లి వెంట ఇంటికి వచ్చినప్పుడు ఒకట్రెండు సార్లు ఆయన ఈల ఇస్తే ఊదింది కూడా. చెయ్యి చాపి, "అన్నం," అంది. పలకరింపు కింద అంది, అంతే. ఆ పిల్లకి ఆ మధ్య ఎవరు కనపడినా నోటికి వచ్చే మాట అదే.

నాయుడు కిందకి కూర్చున్నాడు. ఇన్నాళ్ళూ బరువు వల్ల కూర్చోలేని మనిషి, ఇప్పుడు చిన్నపిల్లాడిలా నేల మీద మఠం వేసుకుని కూర్చున్నాడు. పైడితల్లి లోపల్నుంచి పీట తెచ్చింది. "నేల మీద కూకున్నారేటి బాబూ," అంది. ఆయన ఆ పీట కేసి చూడలేదు.

"పైడితల్లీ, ఇది నా దగ్గర్నుంచే వచ్చింది. మందు వేసుకున్నానని అబద్ధం చెప్పాను."

పైడితల్లి పీట పట్టుకుని అలాగే నిలబడింది. అర్థమవడానికి కొంచెం సేపు పట్టింది. తర్వాత పీట గోడకి ఆనించి, మనవరాలిని కూతురి ఒళ్ళోంచి తీసుకుని, లోపలికి వెళ్ళి తలుపు దగ్గరగా వేసింది. మర్నాటి నుంచి ఆమె పనిలోకి రాలేదు. మందూ గుడ్లూ నర్సుల చేత పంపితే తీసుకుంది. హైమావతి వెళ్తే మాత్రం మాట్లాడలేదు.

ఆ రాత్రే నాయుడు భార్య అరచేతిలోంచి మాత్ర తీసుకుని, మింగి, నోరు తెరిచి చూపించాడు. ఐదు రోజులూ అలాగే చూపించాడు. ఆరో రోజు ఆయన గంజి గ్లాసు నీలం తిరిగింది. వారం గడవగానే సుగరు పైకి ఎగబాకింది. డాక్టరు మాత్రలు మళ్ళీ రాశాడు. గుడ్లు, చేపలు, క్యాబేజీ మొదలయ్యాయి. ఇంట్లో బియ్యం డబ్బా ఖాళీ చేసి బోర్లించారు. ఈసారి ఆయన ఒక్క ముద్ద కూడా తప్పలేదు. బరువు నిలిచింది, సుగరు కూడా నెమ్మదిగా దిగింది. కానీ పాత పుండు చోట చర్మం మళ్ళీ విచ్చుకుంది. ఆ చలికాలంలో కుడికాలి చివరి రెండు వేళ్ళు తీసేశారు. కాలు మిగిలింది. ఆపరేషను గది బయట బెంచీ మీద ఈసారి హైమావతి కూర్చుంది.

మత్తు దిగాక నాయుడు నీళ్ళడిగి తాగి, పైకప్పు కేసి చూస్తూ అన్నాడు. "పరీక్షలో చేరిన వాళ్ళంతా మందు వేసుకున్నామని సంతకాలు పెట్టారన్నావు కదా."

"పెట్టారు."

"నేనూ పెట్టాను." ఆయన తల ఆమె వైపు తిప్పాడు. "డ్రిల్లు మాస్టారిని, పిల్లలకి నిజం చెప్పాలని పాఠం చెప్పేవాణ్ణి. నేనే దాచాను. నాలాంటి వాళ్ళు ఇంకా ఎంతమందున్నారో ఆలోచించావా?"

ఆమె ఆలోచించింది. ఆలోచించి నిద్రపోవడం మానేసింది. ఆరోగ్యాధికారి ఇచ్చిన జీపులో, ఒక నర్సుని వెంటబెట్టుకుని, పరీక్షలో చేరిన వాళ్ళ ఇళ్ళకి ఒక్కొక్కటిగా వెళ్ళింది. చాలామంది గ్లాసులు నీలం తిరిగాయి. నలుగురివి తిరగలేదు. ఆ నలుగురూ నాయుడి మాటలే చెప్పారు, ఇంచుమించు అవే మాటలు. వాళ్ళ ఎదురుగా కూర్చుని మింగించింది. ఇంకొకాయన మాత్రం ఆమె వెళ్ళేసరికే ఇల్లు ఖాళీ చేసి వెళ్ళిపోయాడు. వడ్డీ వ్యాపారం వదిలేసి, పార్వతీపురం అవతల కొండల్లో తోట కొనుక్కున్నాడని, సుగరు తగ్గినందుకు మొక్కు కింద ఆ చుట్టుపక్కల ఊళ్ళలో అన్నదానాలు చేయిస్తున్నాడని, ఆయనే దగ్గరుండి వడ్డిస్తున్నాడని పక్కింటివాళ్ళు చెప్పారు.

హైమావతి ఆ ఊరు చేరేసరికి మధ్యాహ్నం అయింది. తోటకి దారి అడుగుదామని రోడ్డు పక్కనున్న బడి దగ్గర జీపు ఆపించింది. పిల్లలు వరండాలో బారులు తీరి భోజనాలు చేస్తున్నారు. అన్నం, పల్చటి చారు. పిల్లలెవరూ మాట్లాడుకోవడం లేదు. తలలు వంచుకుని, పళ్ళాలలోంచి కళ్ళెత్తకుండా తింటున్నారు.

హెడ్మాస్టరు ఎదురొచ్చాడు. పట్నం నుంచి తనిఖీకి వచ్చారనుకున్నాడు గాబోలు, చేతులు తుడుచుకుంటూ సంతోషంగా చెప్పాడు.

"మా పిల్లలు భోజనం వృథా చెయ్యరమ్మా. ఇదివరకు సగం పారేసేవాళ్ళు. ఈ మధ్య ఏమయిందో గాని, ఎంత వండినా చాలడం లేదు."